చెలమ ఊరిన వారం: నల్లమల అంచున ఒక వాగు, 41 బోర్లు

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోకపోయి ఉంటే, బోర్లకూ వాగులో చెలమకూ ఉన్న ముడి నాకు అర్థమయ్యేది కాదు.

2019 మార్చి. మా సంస్థ ఇంకుడు పనులు చేసిన ఊరికి పడమర, అడవి వైపు చేలల్లో ఉన్న బోర్లకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్లు రెండు. ఒక రాత్రి ఒకటి పేలిపోయింది. దాని లోడంతా మీద పడి మర్నాడు రెండోది కూడా పోయింది. కొత్తవి తెచ్చి బిగించేసరికి 9 రోజులు పట్టింది. మిర్చి ఆఖరి కోతకు ఉంది, బత్తాయి పిందె మీద ఉంది. రైతులు ఎంత టెన్షన్ పడ్డారో చెప్పక్కర్లేదు. డీజిల్ ఇంజన్ అద్దెకు తెద్దామన్నా 400 అడుగుల లోతు నుంచి అది లాగదు.

పదో రోజు పొద్దున నేను బస్టాండు దగ్గర టీ తాగుతుంటే చెంచుగూడెం పెద్దాయన ఒకరు వచ్చి పక్కన కూర్చున్నారు. రేషన్ బియ్యం కోసం ఊళ్ళోకి దిగారు. "నువ్వు నీళ్ళ సారువే కదా. మోటార్లు ఆగినకాడి నుంచి వాగులో చెలమ ఊరతాంది సారూ. సంక్రాంతికే ఎండిపోయిన చెలమ అది. పోయి సూసుకో" అన్నారు.

నమ్మలేదు. అన్ని రోజుల్లో వాన చుక్క లేదు, మబ్బు కూడా పట్టలేదు. అయినా బండి గట్టు దగ్గర ఆపి వాగు వెంట నడుచుకుంటూ పోయాను. వాగు మలుపు తిరిగే చోట పెద్ద ఏరుమద్ది చెట్టు, దాని వేళ్ళ కింద ఇసుకలో ఆ చెలమ. జంతువులు గిట్టలతో గీరి, ఆ తరువాత దాహమేసిన మనుషులు చేత్తో తోడి, మళ్ళీ జంతువులు గీరి, ఏళ్ళ తరబడి అలా తయారైన గుంట. నెల కిందట చూసినప్పుడు అడుగున ఇసుక పొడిపొడిగా ఉంది. ఎవరో తాగి పారేసిన వాటర్ ప్యాకెట్ ఒకటి అందులో పడి ఉంది. ఇప్పుడా ప్యాకెట్ నీళ్ళ మీద తేలుతోంది. చెయ్యి పెట్టి చూశాను. మణికట్టు దాకా మునిగింది. చుట్టూ తడి ఇసుకలో దుప్పి గిట్టల గుర్తులు ఒకదాని మీద ఒకటి, అంచున నెమలి అడుగులు, ఒక పక్క పంది పొర్లాడిన బురద.

గదికి వచ్చి నోటుపుస్తకం తీశాను. అక్కడికి అర కిలోమీటరు దిగువన మోటారుకు నీళ్ళు చాలక వదిలేసిన బోరు ఒకటుంది. దాంట్లోకి టేపు దించి పదిహేను రోజులకోసారి నీటిమట్టం రాసుకుంటూ ఉండేవాణ్ణి. ఆ సాయంత్రం మళ్ళీ వెళ్ళి టేపు దించాను. టేపు చివరి బుడ్డి నీళ్ళకు తగిలి 'కీ' అని మోగింది. పోయినసారి కంటే 1.3 మీటర్లు పైన.

ఊరి పేరు రాయను. అక్కడ కొన్ని గొడవలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగం, గిద్దలూరు, కంభం వైపు, నల్లమల దిగువన అని చెబితే చాలు. ఆ వాగు చివరికి గుండ్లకమ్మలో కలుస్తుంది. గుండ్లకమ్మ మీద కట్టిందే కంభం చెరువు. వందల ఏళ్ళ నాటి ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించింది కూడా. నీళ్ళు నిలబెట్టుకోవడం చేతకాని ప్రాంతం కాదన్నమాట ఇది. కాకపోతే చెరువుకు కట్ట కనిపిస్తుంది, తూము కనిపిస్తుంది, అలుగు పారితే ఊరంతా వెళ్ళి చూస్తుంది. ఎవరి వంతు ఎప్పుడో చెప్పడానికి నీరుగంటి ఉండేవాడు. బోరు నీళ్ళకు ఇవేవీ లేవు. నేల కింద ఉన్నది ఒకటే చెరువు. తూములు మాత్రం ఎవరి చేలో వాళ్ళు పెట్టుకున్నారు.

ఆ నేల కింద రాయి ఎలాంటిదో చెప్పాలి. చిన్నప్పుడు బళ్ళో పలక మీద అ, ఆ దిద్దిన వాళ్ళకు ఆ రాయి తెలిసే ఉంటుంది. మార్కాపురం పలకల గనుల్లో దొరికే రాయికి చుట్టాలే ఇక్కడి రాళ్ళన్నీ. పలకలో నీళ్ళు నిలవవు. పలకకూ పలకకూ మధ్య చీలికలో, రాయి విరిగిన చోట మాత్రమే ఉంటాయి. ఇలాంటి రాయి నూరు బకెట్లంత తీసుకుంటే అందులోంచి కారి వచ్చే నీళ్ళు బకెట్టున్నర అని మా వృత్తిలో లెక్క. పడిన వానలో కిందకు ఇంకేది నూటికి నాలుగైదు పాళ్ళు. మిగతాది వాగులో పోతుంది, ఆవిరవుతుంది, చెట్టూ చేమా తాగేస్తాయి.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే సంగతి తేలిపోతుంది. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన, అందులో 5 పాళ్ళు ఇంకుడు అనుకుందాం. అంటే 30 మిల్లీమీటర్లు. ఎకరాకు సుమారు లక్షా ఇరవై వేల లీటర్లు. ఆ 30 మిల్లీమీటర్లు ఈ రాతి చీలికల్లోకి దిగితే నీటిమట్టం సగటున పెరిగేది 2 మీటర్లు. ఏడాది మొత్తం ఆకాశం మనకిచ్చేది అంతే. ఇటువైపు, ఎకరా వరికి నాటు నుంచి కోత దాకా 1,200 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి. దాదాపు 48 లక్షల లీటర్లు. బోరు కింద ఒక్క ఎకరా వరి పండించడమంటే 40 ఎకరాల మీద ఇంకిన వానను ఆ ఒక్క మడిలో పోయడం. పారించిన నీళ్ళలో కొంత మళ్ళీ కిందకు దిగుతుంది, నిజమే. అది కలిపినా లెక్క పెద్దగా మారదు.

ఇప్పుడు చెలమ సంగతి. అది ఉండేది పైపైన, ఆ రెండు మీటర్లలోనే. బోర్లు ఉండేది 400, 500 అడుగుల్లో. నీటిమట్టం మూడు మీటర్లు దిగితే బోరు రైతుకు ఏమీ తెలియదు. మోటారుది అదే మోత, పైపు నిండా అవే నీళ్ళు. చెలమకు మాత్రం ఆ రోజుతో ఆ ఏడు అయిపోయినట్టే. దుప్పి 400 అడుగులు తవ్వుకోలేదు కదా. వాగు ఒడ్డున ఏరుమద్ది, నేరేడు చెట్లు చిటారు కొమ్మల నుంచి ఎండుకుంటూ రావడం నేను 2017 నుంచి చూస్తున్నాను. ముసలి చెట్లు అనుకున్నానే గానీ, వేరుకూ నీటికీ మధ్య దూరం పెరిగిందని తోచలేదు.

మేం చేసిన తప్పు

2017లో మా సంస్థ ఆ ఊరికి వెళ్ళింది ఇంకుడు పనుల కోసం. వాగు మీద రెండు చెక్‌డ్యాంలు కట్టించాం. కొండ వాలున కందకాలు తవ్వించాం. కుంట పూడిక తీయించి ఆ మట్టి చేలకు తోలించాం. పనులు బాగానే చేశాం, ఫొటోలు ఇంకా బాగా వచ్చాయి. మొదటి ఏడాది సెప్టెంబరులో రెండు మంచి వానలకు చెక్‌డ్యాం నిండి, కింద ఎండిపోయిన మూడు బోర్లు మళ్ళీ పోశాయి. ఊళ్ళో మాకు శాలువాలు కప్పారు.

ఆ మూడు బోర్లు పోశాయన్న వార్తే కొంప ముంచింది. చెక్‌డ్యాం పక్కన బోరు వేస్తే నీళ్ళు గ్యారంటీ అనుకున్నారు జనం. ఎవరైనా అదే అనుకుంటారు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచి, అది నిక్కబొడుచుకున్న చోట గుర్తు పెట్టే ఆయన ఆ ఏడు మా ఊళ్ళోనే మకాం వేశాడు. రిగ్గు బండ్లు వరసగా వచ్చాయి. మేం వెళ్ళినప్పుడు ఆ వాగు పరీవాహకంలో పోసే బోర్లు 32. రెండేళ్ళు తిరిగేసరికి 41. మేం ఇంకించినదాని కంటే, మేం ఇంకించామన్న ధైర్యంతో తోడింది ఎక్కువ.

ఈ పాఠం నాకు కొత్త కాకూడదు, సిగ్గుపడాల్సిన సంగతి అదే. నేను ఈ పని నేర్చుకుందే 2000 దశకంలో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ ప్రాజెక్టు ఊళ్ళలో, అంటే భూగర్భజలాల లెక్క రైతులే చూసుకునే ప్రాజెక్టు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వెనక ఉండి నడిపించిన ఆ ప్రాజెక్టు ప్రకాశంతో కలిపి 7 కరువు జిల్లాల్లో, 638 ఊళ్ళలో సాగింది. అక్కడ మేం చెక్‌డ్యాంలతో మొదలుపెట్టలేదు. రైతులే వానమాపకం చూసుకునేవాళ్ళు, రైతులే బోర్లలో టేపు దించేవాళ్ళు, రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, వేయబోయే పంటలకు కావాల్సిందెంత అని లెక్కేసి గోడ మీద రాసేవాళ్ళు. ఏ పంట వేయాలో ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు. లెక్క మాత్రం అందరికీ కనిపించేది. అంత మంచి పద్ధతి తెలిసి కూడా నేను సిమెంటుతో మొదలుపెట్టాను. సిమెంటుకు బడ్జెట్ ఉంటుంది, మాటలు చెప్పడానికి ఉండదు. అదో కారణం.

డ్రమ్ములతో కొలత

చెలమ ఊరిన వారం తరువాత మేం మళ్ళీ మొదటికొచ్చాం. ఒక 200 లీటర్ల డ్రమ్ము, ఒక సెల్‌ఫోను, ఊళ్ళో ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు. ప్రతి బోరు దగ్గరికీ వెళ్ళి పైపు డ్రమ్ములో పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడటం. కొన్ని 40 సెకన్లలో నిండాయి. కొన్నింటికి రెండు నిమిషాలు పట్టింది, అందులో సగం గాలే. సగటు 65 సెకన్లు. అంటే గంటకు 11 వేల లీటర్లు. 9 గంటల కరెంటుకు బోరొక్కింటికి రోజుకు దాదాపు లక్ష లీటర్లు. 41 బోర్లకు 41 లక్షలు.

పరీవాహకం అటూ ఇటూగా 2,500 ఎకరాలు. ఎకరాకు లక్షా ఇరవై వేల చొప్పున ఏడాది ఇంకుడు 30 కోట్ల లీటర్లు. రోజుకు 41 లక్షలు తోడితే అది 73 రోజులకు సరి. మిగతా రోజుల్లో తోడేదంతా పాత నిల్వ. అది కూడా ఎక్కడో ఒకచోట అడుగంటుతుంది.

ఈ తిరుగుడులోనే ఇంకో సంగతి కంటబడింది. 41 స్టార్టర్ డబ్బాల్లో 29కి ఆటో స్టార్టర్లు ఉన్నాయి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. స్టార్టర్ పక్కన బిగించే చిన్న పెట్టె అది, ధర పెద్దగా ఉండదు. కరెంటు రాగానే దానంతటదే మోటారు ఆన్ చేస్తుంది. ఒకప్పుడు అర్ధరాత్రి కరెంటు ఇచ్చే రోజుల్లో పాము కాటుకూ షాకుకూ భయపడి పెట్టుకున్నారు, అప్పట్లో అది ప్రాణం కాపాడింది. పగటి కరెంటు వచ్చాక కూడా అది అలాగే ఉండిపోయింది. వ్యవసాయానికి ఉచిత కరెంటు 2004 నుంచి ఉంది కాబట్టి మోటారు ఊరికే తిరిగినా జేబుకు తగలదు. ఒక పొద్దున మేం వెళ్ళేసరికి బండిబాట మీద కాలువలా నీళ్ళు పారుతున్నాయి. కొంగలు చేరాయి. ఆ చేను ఆసామి ముందురోజే పెళ్ళికి ఒంగోలు వెళ్ళాడట.

రామాలయం అరుగు మీద

ఏప్రిల్‌లో రామాలయం దగ్గర మీటింగ్ పెట్టాం. లెక్కంతా చార్టు మీద రాశాను. ఎవరూ పెద్దగా కాదనలేదు. నేల కింద నీళ్ళు తగ్గుతున్నాయని రైతుకు నేను చెప్పాలా? బోరు ఎండిన ప్రతిసారీ అప్పు కాగితం మీద సంతకం పెట్టేది వాళ్ళే. అసలు పేచీ చెలమ మాట ఎత్తగానే వచ్చింది. అడవి అంచుకు దగ్గరగా ఉన్న రెండు బోర్లు ఇద్దరు అన్నదమ్ములవి. చెలమను ముందు లాగేది అవేనని మా అనుమానం. సంక్రాంతి తరువాత ఆ రెండూ ఆపితే ఎలా ఉంటుందని అడిగాను.

అన్నదమ్ముల్లో పెద్దాయన లేచాడు. "దుప్పికి నీళ్ళు కావాలంటే అడవి వాళ్ళు ట్యాంకర్‌తో తెచ్చి పోస్తారు సార్. నా బోరు మీద నాలుగు లక్షల అప్పుంది. దుప్పి వచ్చి వడ్డీ కడతాదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. ఎండాకాలంలో అటవీ శాఖ వాళ్ళు పులుల అభయారణ్యంలో సాసర్ పిట్లు, అంటే లోతు తక్కువ తొట్లు, కట్టి నీళ్ళు నింపడం మనం చూస్తూనే ఉన్నాం. లోపలి అడవికి అది అవసరమే. కానీ ట్యాంకర్ నీళ్ళు కూడా ఏదో ఒక బోరువే. పైగా అడవికీ చేనుకూ నడుమ ఉన్న చోట ఎవరూ పోయరు.

జవాబు నేను కాదు, ఒక ఆవిడ చెప్పింది. రెండెకరాల మిర్చి, భర్త లేడు, తనే చేస్తుంది. లేచి ఇంటికెళ్ళి చేతిలో డ్రిప్ లాటరల్ ముక్కలు పట్టుకుని వచ్చింది. నల్లటి పైపు, జానెడు జానెడు ముక్కలు. ఒక్కోదాని మీద పళ్ళ గాట్లు. కొన్నిచోట్ల నమిలి పిప్పి చేసేశాయి. "ఏం బావా, నీ బోరు గురించే మాట్లాడతావా? సంక్రాంతి దాకా నా చేలో ఒక్క పైపు కొరకలేదు. వాగులో చెలమ ఎండినాక రోజూ రాత్రి ఇదే పని. పందులు, కుందేళ్ళు, ఎలుకలు. తేమ వాసనకు వస్తాయి, పైపు కొరికి తాగి పోతాయి. రెండు మాట్లు పైపులు కొన్నా. ఆ డబ్బు ఎవరిస్తారు, దుప్పిస్తాదా నువ్విస్తావా?" అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ మాటతో మిగతావాళ్ళ లెక్కలు బయటపడ్డాయి. శనగకాయ చేలో పందులు దున్నేసింది ఎప్పుడు? ఫిబ్రవరి తరువాతే. చేలోకి దుప్పులు దిగి, కుక్కలు తరిమితే గట్టు లేని పాత బావిలో ఒక దుప్పి పడి చచ్చింది ఎప్పుడు? మార్చిలో. పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ లాగేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ తీగకు మనుషులు పోయిన వార్తలు పేపర్లో మనం చదువుతూనే ఉన్నాం. అడవిలో నీళ్ళు అయిపోయిన నెల ఏదో, చేలో గొడవ మొదలైన నెల కూడా అదే.

అంత మాత్రాన ఆ రోజు ఒప్పందం కుదిరిందనుకోకండి. కుదరడానికి ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో రెండు మీటింగులు తిట్లతో ముగిశాయి. ఒకసారి నా బండి టైరులో గాలి తీసేశారు.

కుదిరిన ఏర్పాటు

ఒప్పందం మొత్తం ఒక పైపు మీద నిలబడింది. ఎగువన ఉన్న 17 బోర్లను మూడించుల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపుతో కలిపేశాం, మధ్య మధ్య గేటు వాల్వులు. వాటర్‌షెడ్ నిధుల్లోంచి చాలావరకు వచ్చింది, మిగతాది రైతులు వేసుకున్నారు. బోరున్నవాళ్ళు, బోరులేని పక్క రైతుకు ఖరీఫ్‌లో వాన ముఖం చాటేసినప్పుడు ఒకటో రెండో తడులు ఇవ్వాలి. బదులుగా ఆ రైతు పదేళ్ళు కొత్త బోరు వేయకూడదు. ఇది మా సొంత బుర్రలో పుట్టింది కాదు, అనంతపురం వైపు కరువు ఊళ్ళలో ఇలా నీళ్ళు పంచుకోవడం ముందే ఉంది. ఒక తడి ధర, ఒక బోరు ధర పక్కపక్కన పెట్టి చూసుకుంటే రెండు వైపులా లాభమే. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నారు, పంచాయతీలో తీర్మానం చేశారు. 2002 వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు ముందే అనుమతి తీసుకోవాలి. ఆ సంగతి అందరికీ తెలుసు. రిగ్గు రాత్రిపూటే ఎందుకు వస్తుందో కూడా అందరికీ తెలుసు. కాగితం కంటే ఎదురింటివాడి కన్నే ఎక్కువ పని చేస్తుందని నా అనుభవం.

అన్నదమ్ముల రెండు బోర్లకు ఈ పైపే దారి చూపింది. సంక్రాంతికి అవి ఆపేస్తే వాళ్ళ బత్తాయికి కింది బోర్ల నుంచి నీళ్ళు పైకి ఎక్కాలి. ఎక్కించాం. తోట ఎండదని కళ్ళారా చూశాకే పెద్దాయన ఒప్పుకున్నాడు. అది కూడా "ఈ ఒక్క ఏడు" అని.

ఆటో స్టార్టర్లు 29లో 22 పీకేశారు. రబీలో బోరు కింద వరి మానేశారు, దాని చోట కొర్ర, నువ్వులు, శనగ వచ్చాయి. కొర్రకు ఈ మధ్య గిరాకీ ఉండటం కలిసొచ్చింది. పాడుబడ్డ బావులకు మూడడుగుల గోడలు లేపాం. మూడింటిలోకి చేల నీళ్ళు రాళ్ళూ ఇసుకా వడకట్టి మళ్ళించాం. ఎండి వదిలేసిన బోర్లకు మూతలు బిగించాం. పిల్లలు పడిపోకుండా అలా మూయాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పినా, ఆ చుట్టుపక్కల మేం వెళ్ళేదాకా చాలా బోర్ల నోళ్ళ మీద గోనెసంచి, ఒక రాయి తప్ప ఏమీ లేవు.

ఏం జరిగింది

2020లో వానలు దంచికొట్టాయి. ఆగస్టు నుంచే పడ్డాయి, నవంబరులో నివర్ తుఫాను దానికి తోడైంది. 2021లో చెలమ ఏప్రిల్ చివరిదాకా ఊరింది. ఆ ఫొటో పెట్టి మా పైపు గొప్పతనమని రిపోర్టు రాయొచ్చు. రాయమన్నారు కూడా. అది వాన గొప్పతనం. మా పని ఎంతో కొంత ఉందేమో గానీ, అంత వానలో విడదీసి చూపలేం.

అసలు పరీక్ష 2023లో వచ్చింది. అంతకు ముందు మిర్చి రెండు నాటకాలు ఆడింది. 2021లో నల్ల తామర పురుగు వచ్చి చేలకు చేలే తుడిచిపెట్టింది. పంట తక్కువై మరుసటి ఏడు రేటు ఎగిసింది. 2022-23లో గుంటూరు యార్డులో క్వింటాలు 20 వేలు దాటింది. ఆ రేటు చూసి ఆగడం ఎవరి తరం? రాత్రికి రాత్రి మూడు కొత్త బోర్లు పడ్డాయి. ఒకటి 600 అడుగులు దిగినా గాలే వచ్చింది. రెండింట్లో నీళ్ళు పడ్డాయి. అందులో ఒకటి వేసింది పైపులో ఉండి స్టాంపు కాగితం మీద సంతకం పెట్టిన రైతే. అతని నీళ్ళు ఆపాలా వద్దా అని ఊరు రెండుగా చీలింది. చివరికి ఆపలేదు. కొత్త బోరును కూడా పైపుకు కలిపి, జరిమానా కింద పక్కనున్న ముగ్గురికి అతనే తడులివ్వాలన్నారు. నాకు నచ్చలేదు, కానీ తీర్పు నాది కాదు. ఇంకొకటి చెప్పాలి. ఆ లోతు బోరు నీళ్ళు పరీక్షకు పంపితే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది. పశ్చిమ ప్రకాశంలో కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ మనుషుల కీళ్ళను తినేసిన కథ అందరికీ తెలుసు. లోతుకు పోయినకొద్దీ రాతిలో ఎక్కువ కాలం నానిన నీళ్ళు తగులుతాయి, ఫ్లోరైడ్ పెరగడానికి అదొక కారణం. ఆ బోరు దగ్గర తాగకూడదని ఎర్ర రంగు వేశాం.

2023 ఖరీఫ్‌లో వానలు ఎత్తిపోయాయి. 2018 లాగే కరువు, బోర్లు అప్పటికంటే ఇంకో రెండు ఎక్కువ. 2018 కరువు తరువాత చెలమ సంక్రాంతికే ఎండింది. 2023 కరువు తరువాత మహాశివరాత్రి దాకా నిలిచింది, అంటే 2024 మార్చి 8. దాదాపు 50 రోజుల తేడా. రెండు కరువుల మధ్య పోలిక కాబట్టి నేను నమ్మే అంకె ఇదొక్కటే. ఇది కూడా ఒక్క వాగు, ఒక్క గుంట. ఎన్ని దుప్పులు బతికాయంటే చెప్పలేను, నేను జంతువుల మనిషిని కాదు. పైపులు కొరకడం మాత్రం ఆ ఏడు మార్చి రెండో వారం దాకా మొదలవలేదని మిర్చి వదినగారు చెప్పింది. ఆవిడ లెక్క తప్పదు, అది డబ్బు లెక్క.

"వెలిగొండ వస్తే ఇవన్నీ ఎందుకు సార్?" అని ప్రతి మీటింగులోనూ ఎవరో ఒకరు అంటారు. 1996లో ఆ కృష్ణా నీళ్ళ ప్రాజెక్టు శంకుస్థాపన చూసినవాళ్ళ మనవళ్ళు ఇప్పుడు ఆ మాట అంటున్నారు. నల్లమల కింద 18 కిలోమీటర్లకు పైగా సాగిన రెండు సొరంగాల తవ్వకం అయితే అయింది. నీళ్ళు రావాలి, వస్తే జిల్లాకు మంచిదే. కానీ మా వాగు కాలువ మట్టానికి పైన ఉంది. అక్కడికి ఏ కాలువా ఎక్కదు.

ఇప్పుడు నియమం కొద్దిగా మారింది. సంక్రాంతికి బోర్లు ఆపాలన్నది తీసేశారు. మంచి వాన పడ్డ ఏడు ముందే ఆపడం దండగ, కరువు ఏడు సంక్రాంతి దాకా ఆగితే ఆలస్యం. ఇప్పుడు ఆ రెండు బోర్లనూ చెలమే ఆపుతుంది. చెంచుగూడెం పెద్దాయన మనవడు పదో తరగతి చదువుతున్నాడు. ప్రతి ఆదివారం వెళ్ళి చెలమలో చెయ్యి పెట్టి నోటుపుస్తకంలో రాస్తాడు. నేను స్కేలు ఇస్తే, దుప్పులు తొక్కి విరగ్గొట్టాయి. అందుకని కొలతలు మోచెయ్యి, మణికట్టు, నాలుగు వేళ్ళు, తడి. నాలుగు వేళ్ళకు దిగితే రెండు బోర్లూ ఆగాలి.

పోయిన ఫిబ్రవరిలో ఒక ఆదివారం నేనూ వాడితో వెళ్ళాను. తిరిగొస్తుంటే గట్టు మీద ఆ రెండు బోర్ల పెద్దాయన బండాపుకుని ఉన్నాడు.

"ఎంతరా అబ్బాయ్?"

"నాలుగు వేళ్ళు, తాతా."

"సరిగ్గా పెట్టావా? నీ వేళ్ళు పొట్టివి."

ఆయన బండి దిగి తనే వాగులోకి నడిచాడు. పది నిమిషాలకు తిరిగొచ్చాడు, కుడి చెయ్యి తడిగా ఉంది. ఏమీ అనలేదు. స్టార్టర్ డబ్బా తెరిచి మూడు ఫ్యూజులూ పీకి, కండువా చెంగున మూటగట్టుకుని ఇంటికి పోయాడు.